చక్కెరవ్యాధి - రోగి చదువు

మధుమేహము మన ఆయుర్వేద గ్రంథములకు కొత్త కాదు. మూత్రము తియ్యగా ఉండుట, దానికి చీమలు పట్టుట పూర్వులు గమనించినవే. 1776లో మాథ్యూ డాబ్సన్ అనే ఆంగ్ల వైద్యుడు అట్టి మూత్రమును ఇగిరించి చూడగా చక్కెర మిగిలినది. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనువారు కుక్క క్లోమమును తొలగించగా దానికీ వ్యాధి వచ్చినది. ఇవి వైద్యులు నేర్చిన పాఠములు. రోగికి పాఠము చెప్పవలెనన్న ఊహ ఆలస్యముగా పుట్టినది.

1918లో బోస్టను వైద్యుడు ఇలియట్ జాస్లిన్, వైద్యునికీ రోగికీ కూడ పనికివచ్చునట్లు ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. అప్పటికే బెనెడిక్టు ద్రావణము వాడుకలోకి వచ్చినది. మన పాఠశాలల ప్రయోగశాలలో ఉండే నీలి ద్రావణమే అది. 5 మిల్లీలీటర్ల ద్రావణములో 8 చుక్కల మూత్రము వేసి కాచిన, చక్కెర హెచ్చుకొలది ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు రంగులు కనబడును. దీనిని రోగియే ఇంట చేసికొనవచ్చును. అయితే రంగు చూచుట వేరు, దాని భావము తెలియుట వేరు. రక్తములో చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటిన పిమ్మటనే మూత్రములోనికి దిగును. కనుక నీలిరంగు మారలేదని రోగము లేదనుకొనుట పొరపాటు.

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలునికి మొదట ఇన్సులిన్ ఇచ్చినారు. దానితో రోగి చదువు మరింత అవసరమైనది. మోతాదు మించితే చెమటలు, వణుకు. అప్పుడు వద్దన్న పంచదారయే మందు! 1948లో మద్రాసు స్టాన్లీ ఆస్పత్రిలో డాక్టరు ఎం. విశ్వనాథన్ మధుమేహ రోగులకు ప్రత్యేక విభాగము తెరచినారు. ఆ ఏటి సెప్టెంబరు వరకు సత్తుపల్లి నిజాము ఏలుబడిలోనే ఉన్నది.

'ఆరోగ్య అక్షరాస్యత' అను మాటను 1974లో సైమండ్స్ వాడినాడు. 2002లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 408 మంది రోగులను పరిశీలించగా, ఈ చదువు చాలనివారిలో చక్కెర అదుపు తక్కువగాను, కంటి జబ్బు ఎక్కువగాను కనబడినవి.

సత్తుపల్లి నుండి అశ్వారావుపేట దాటితే ఒకనాటి పశ్చిమ గోదావరి, నేటి ఏలూరు జిల్లా. 2005లో ఉభయ గోదావరి జిల్లాల 20 గ్రామములలో 30 ఏండ్లు దాటినవారిని పరీక్షించగా 13.2 శాతము మందికి వ్యాధి ఉన్నది. వారిలో ఎందరికో ఆ సంగతి అప్పుడే తెలిసినది. అవి కొంత కలిగిన పల్లెలు. అడవి అంచు గూడెములకు ఆ అంకెను అంటగట్టరాదు. కాని తెలియకపోవుట అన్నది అక్కడా ఉండునదే. తీపి మానితే చాలునని మూడుపూటలా అన్నము తినువారు, 'షుగరు తగ్గింది గదా' అని మాత్ర ఆపువారు చదువుకొన్నవారిలోనూ ఉన్నారు. అన్నములోని పిండిపదార్థము కడుపులో గ్లూకోజుగా మారునని పదవ తరగతి పిల్లవానికి తెలుసు. అది ఇంటి కంచము దాకా రాదు.

కోయభాష మాట్లాడే వృద్ధురాలికి అచ్చువేసిన కరపత్రము దేనికి? ఆమెకు ఆశా కార్యకర్త నోటిమాటయే పుస్తకము. ఈ వ్యాధిలో పాదముల నరములు మొద్దుబారును. చేలో ముల్లు దిగినా నొప్పి తెలియదు, పుండు ముదిరి కాలికే ముప్పు రావచ్చును. రాత్రి పడుకొనే ముందు అరికాళ్లు దీపము వెలుతురున చూచుకొనుటకు, చూపు ఆనకపోతే మనుమరాలిచేత చూపించుకొనుటకు, అక్షరములతో పనిలేదు.