ఎర్ర బండి, తెల్ల బండి

ఫైరింజను మంటలకి, అంబులెన్సు మనుషులకి అని మనకో లెక్క. అన్నిచోట్లా అలా లేదు. సియాటిల్‌లో 1970లోనే డాక్టర్ లియొనార్డ్ కాబ్ ఫైర్‌మెన్‌కి గుండెపోటు వైద్యం నేర్పించాడు. ఫైర్ చీఫ్ గోర్డన్ వికరీ తోడు నిలబడ్డాడు. ఎందుకంటారా? ఫైర్ స్టేషన్లు పేటపేటకీ ఉంటాయి, ఆస్పత్రులు ఉండవు కదా!

మన దారి వేరు. 2005 ఆగస్టు 15న సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎమ్మారై 108ని మొదలెట్టింది. వైద్యం, పోలీసు, ఫైరు... మూడింటికీ ఒకటే నంబరు. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక జీవీకే భుజానికెత్తుకుంది, 108 నిలిచింది. మన ఐటీవాళ్ళు గర్వపడాల్సిందే. కానీ కలిసింది నంబరే, పని కాదు.

ఆ తేడా పటాన్‌చెరు వైపు వెళ్తే తెలుస్తుంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 54 మంది పోయారు. చాలామంది పొట్ట చేతబట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. ఎనిమిది మంది ఆనవాళ్ళే దొరకలేదు. అంత పేలుడులో ఏ వైద్యం ఏం చేస్తుందీ అంటారా, నిజమే. అయితే రసాయనాల ఫ్యాక్టరీల్లో భయం పేలుళ్ళొక్కటే కాదు. విషవాయువు పీల్చడం, ఒళ్ళు కాలడం కూడా. అప్పుడు పొగలోకి మాస్కు తగిలించుకుని వెళ్ళేది ఫైర్‌మేన్. అంబులెన్సు గేటు బయట ఆగాల్సిందే. మరి మనిషిని ముందుగా ముట్టుకునే ఆ చేతులకి, ఊపిరి నిలబెట్టే విద్య కూడా పూర్తిగా నేర్పిస్తే పోయేదేముంది?