ఎఱ్ఱనాచు – మెట్టపైరు

అనంతపురం పీఠభూమికీ సముద్రానికీ ఏమి సంబంధం? ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ ఎఱ్ఱనేలలలో వేరుశనగ విత్తిన రైతు ఆకాశంవంక చూస్తాడు గాని, కడలివంక చూడడు. అయినా నేడు సముద్రపు నాచురసం సీసాలకెక్కి మెట్టపొలాలకు ఎరువుగా వస్తున్నది. ఆ సీసాలో ఏమున్నది? ఈ ప్రశ్న వెనుక పెద్ద చరిత్ర ఉన్నది.

ఎఱ్ఱనాచు మొదట ఆహారం. తమిళదేశంలో రామనాథపురం తీరవాసులు 'కంజిపాసి' అనే నాచుతో గంజి కాచుకొనేవారు. తూర్పు ఆసియాలో ఇటువంటి నాచులనుండి తీసిన అగరు వంటకాలలో వాడుకైనది. 1881లో ఫ్యానీ హెస్సె అనే గృహిణి సూచనవల్ల ఆ అగరే జర్మనీలో రాబర్ట్ కోచ్ ప్రయోగశాలకు చేరి, సూక్ష్మజీవులను పెంచే సాధనమైనది.

మన దేశంలో 1954లో నెహ్రూ పండితుడు భావనగరంలో లవణ, సముద్ర రసాయన పరిశోధనాలయాన్ని ప్రారంభించారు. అక్కడి శాస్త్రజ్ఞులు కప్పాఫైకస్ అనే ఎఱ్ఱనాచును ఎన్నుకొన్నారు. ఇదీ తినదగినదే. పచ్చినాచును నలిపి వడకట్టిన రసాన్ని పైరుపై చల్లడానికి, మిగిలిన పిప్పిని కారగీనన్ అనే చిక్కబరచే పదార్థం తీయడానికి వినియోగించే వారి విధానానికి 2005లో అమెరికా పేటెంటు లభించింది.

రసం పనిచేస్తున్నదంటే చాలదు గదా. ఎందుకు పనిచేస్తున్నదో తెలియాలి. 2010లో వారు దానిని విశ్లేషించి, మొక్కల పెరుగుదలను నడిపించే ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం, గిబ్బరెల్లిన్, కైనెటిన్, జియాటిన్ అందులో ఉన్నట్లు వెల్లడించారు. 2015లో ప్రకటించిన మరొక పరిశోధనలో గిబ్బరెల్లిన్‌ను తొలగించిన రసాన్ని మొక్కజొన్నపై చల్లగా, గింజ దిగుబడిలో కలిగిన లాభం తగ్గకుండానే చొప్ప పెరిగింది. ఏది ఉన్నదో తెలిసినందువల్లనే ఏది తీసివేయవలెనో తెలిసింది. పశుగ్రాసానికి కరవు వచ్చే సీమలో చొప్ప విలువ వేరే చెప్పనక్కరలేదు.

2021లో కేంద్రప్రభుత్వం ఇటువంటి జీవప్రేరకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. కనుక సీసాపై ముద్రించిన వివరాలను అడిగి చదివించుకొనడం రైతు హక్కు. నాచురసం పైరుకు తోడ్పడవచ్చును; వానకు మాత్రం బదులు కాజాలదు. ఆ రెండింటికీ గల భేదాన్ని తెలిపేదే రసాయన శాస్త్రం. అప్పుచేసి సేద్యం సాగించేవానికి అంతకుమించిన మేలు మరేమున్నది?