మన మీద రాసినవాళ్ళు, మన కోసం రాసినవాళ్ళు

ప్రతి ఏటా ఆగస్టు 31న విముక్త జాతుల దినం జరుపుకుంటున్నాం. సభ పెడతాం, పెద్దలకు దండలు వేస్తాం, పిల్లలకు బహుమతులు ఇస్తాం. కాని మన తాతముత్తాతలను 'పుట్టుకతోనే నేరస్థులు' అని కాగితం మీద రాసిందెవరు, ఆ రాతను కొట్టివేయించిందెవరు అని అడిగితే మన యువకుల్లో చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ రాసినవాళ్ళలో పోలీసు అధికారులున్నారు, మ్యూజియం పండితులున్నారు, మత ప్రచారకులున్నారు. కొట్టివేయించినవాళ్ళలో వకీళ్ళు, రచయితలు, సంఘ సేవకులు ఉన్నారు. వాళ్ళలో ఈనాడు ఎవరూ బతికి లేరు. వాళ్ళు వదిలిపోయిన రాతలు మాత్రం ఇంకా మన మధ్య తిరుగుతూనే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో వాళ్ళను ఒకసారి పేరుపేరునా తలుచుకుందాం.

1871: ఒక రైలు, ఒక చట్టం

మన అనంతపురం సీమలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అది కూడా అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. ఇలాంటి నేల మీద ఒకే చోట కూర్చుని బతకడం కష్టం. అందుకే మన పూర్వీకులు తిరుగుడు బతుకు ఎంచుకున్నారు. సుగాలీలు ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు, పత్తి మోసి ఊరూరికీ చేర్చారు. ఎరుకలలో శాఖల పేర్లే వాళ్ళ వృత్తులు చెబుతాయి. ఉప్పు ఎరుకల వాళ్ళు గాడిదల మీద ఉప్పు మోసేవాళ్ళు. కరివేపాకు ఎరుకల వాళ్ళు ఆకు అమ్మేవాళ్ళు. దబ్బ ఎరుకల వాళ్ళు వెదురు దబ్బలతో గంపలు, చాటలు అల్లేవాళ్ళు. కుంచె ఎరుకల వాళ్ళు సాలెవాళ్ళకు కుంచెలు కట్టేవాళ్ళు. ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. రైతుకు, సాలెకు, ఇల్లాలికి అందరికీ మనతో పని ఉండేది.

1871లో మద్రాసు నుంచి రాయచూరుకు రైలు మార్గం మన గుత్తి మీదుగా పూర్తయింది. ఎద్దు నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో దించేసింది. అదే ఏడాది తెల్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. మొదట అది ఉత్తర భారతానికే పరిమితమైనా, దాని వెనక ఉన్న ఆలోచన మద్రాసు రాజధానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఈ రెండిటి మీద మూడోది 1876-78 నాటి ధాత కరువు. అప్పుడు మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. ఆ కరువులో మనుషులు, పశువులు లెక్కలేనంతగా చచ్చిపోయారు. ఎద్దు చచ్చాక వ్యాపారం లేదు. ఆపైన ఉప్పు పన్ను, అడవి చట్టం. వెదురు కొట్టినా తప్పే, పశువును మేపినా తప్పే అయింది.

మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో ఈ సంగతులన్నీ ప్రభుత్వ రికార్డుల నుంచే తీసి చూపించారు. కొరవలు, ఎరుకలు 'నేరస్థులు' అయింది రక్తం వల్ల కాదనీ, ఉప్పు, ధాన్యాల వ్యాపారం పోగొట్టుకున్న తరువాత వాళ్ళ మీద ఆ ముద్ర పడిందనీ ఆమె వివరించారు. ఆ పుస్తకం మన యువత తప్పక చదవాలి.

ముద్ర వేసిన కలాలు

1892లో ఎఫ్. ఎస్. ములాలీ అనే మద్రాసు పోలీసు అధికారి, మద్రాసు రాజధానిలోని 'నేర వర్గాల' మీద ఒక పుస్తకం రాశాడు. అందులో లంబాడీలకు ఒక అధ్యాయం, కొరవ-ఎరుకలకు ఒక అధ్యాయం ఉన్నాయి. అలాంటి పుస్తకం పోలీసుల చేతికి వచ్చాక జరిగేది ఒక్కటే. దొంగతనం జరిగిన చోట దొంగను వెతికే ముందు గుడారం ఎక్కడ ఉందో వెతుకుతారు.

ఆ తరువాత మద్రాసు రైల్వే పోలీసులో పనిచేసిన ఎం. పాపారావు నాయుడు రైలు దొంగల మీద ఒక పుస్తకం, 1905లో కొరవలు, ఎరుకలు, కైకాడీల చరిత్ర పేరుతో మరొకటి రాశాడు. తెల్లవాళ్ళు మాత్రమే మన మీద రాశారని అనుకుంటే పొరపాటు. మన దేశం మనిషే, మన పక్కన తిరిగినవాడే, అదే కళ్ళజోడు పెట్టుకుని మనల్ని చూశాడు.

వీళ్ళందరికంటే పెద్ద పేరు ఎడ్గార్ థర్‌స్టన్‌ది. 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్. తల చుట్టుకొలత, ముక్కు వెడల్పు, ఎత్తు కొలిచి మనుషులను జాతులుగా విడదీయడం ఆయన పని. మనిషిని కొలిచి గుర్తుపట్టే ఆ పద్ధతి మీద పోలీసులకు కూడా పాఠాలు చెప్పాడు. 1909లో కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. 1935లో చనిపోయాడు.

థర్‌స్టన్ విషయంలో ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. మన శాఖల పేర్లు, పెళ్ళి ఆచారాలు, ఎరుకల భాషలోని కొన్ని మాటలు ఈనాడు మనకు దొరుకుతున్నది ఆ సంపుటాల్లోనే. కాని వాటి పక్కనే ములాలీ, పాపారావు నాయుడుల రాతలను కూడా ఆయన ఎక్కించాడు. దాంతో పోలీసు అనుమానం శాస్త్రం వేషం వేసుకుంది. కాబట్టి ఆ పుస్తకాన్ని పారేయనక్కరలేదు, నెత్తిన పెట్టుకోనక్కరలేదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చాటలో పోసుకుని చెరిగి చదవాలి. చాట పట్టడం మనకు ఎవరూ నేర్పక్కరలేదు కదా.

శాస్త్రం మారింది, చట్టం మారలేదు

ఈ కొలతల వెనక యూరప్‌లో మరో పెద్దమనిషి ఉన్నాడు. ఇటలీ దేశస్థుడు సిజారే లోంబ్రోసో (1835-1909). నేరశాస్త్రానికి పితామహుల్లో ఒకడని ఆయనను ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో చెబుతారు. 1876లో వచ్చిన 'నేరస్థ మానవుడు' అనే పుస్తకంలో, కొందరు పుట్టుకతోనే నేరస్థులనీ, వాళ్ళ పుర్రె, దవడ, చెవులు చూసి కనిపెట్టవచ్చనీ వాదించాడు.

ఆ వాదం ఎక్కువ కాలం నిలవలేదు. ఇంగ్లండు జైళ్ళలో వైద్యుడుగా పనిచేసిన చార్లెస్ గోరింగ్ సుమారు మూడు వేల మంది ఖైదీలను కొలిచి, వాళ్ళను మామూలు జనంతో పోల్చి, 1913లో ఫలితాలు అచ్చువేశాడు. లోంబ్రోసో చెప్పినట్టు నేరస్థులకు ప్రత్యేకమైన శరీర లక్షణం అంటూ ఏదీ లేదని తేల్చాడు.

ఇక్కడ తేదీలు గమనించండి. మద్రాసు రాజధానికి నేరస్థ తెగల చట్టం వర్తించింది 1911లో. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు మొదలైంది 1913-14లో. అంటే పుట్టు నేరస్థుడనే మాట తప్పని లండన్‌లో పుస్తకం వచ్చిన రోజుల్లోనే, ఆ మాట నిజమని ఇక్కడ మన జనానికి కంచె కట్టారు.

1911 చట్టం ఏం చెప్పింది? ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగ అని గెజిట్‌లో ప్రకటిస్తే దాన్ని కోర్టులో సవాలు చేయడానికి లేదు. పేర్లు రిజిస్టరులో ఎక్కాలి, వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మొత్తం కుటుంబాలను సెటిల్‌మెంటుకు తరలించవచ్చు. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచవచ్చు. ఇంత శిక్షకు ఎవరి మీదా నేరం రుజువు కానక్కరలేదు. ఆ తెగలో పుట్టి ఉంటే చాలు.

సెటిల్‌మెంట్లు కావలి, స్టూవర్టుపురం, సీతానగరం, మనకు దగ్గరలో కర్నూలు జిల్లా సిద్ధాపురం వంటి చోట్ల వెలిశాయి. స్టూవర్టుపురాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. దాన్ని భారతదేశానికి తెచ్చినవాడు ఫ్రెడరిక్ బూత్-టక్కర్ (1853-1929). సివిల్ సర్వీసు ఉద్యోగం వదిలి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్న మనిషి. నేరానికి చికిత్స చేసే విద్య అనే అర్థంలో 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక పేరు కూడా సృష్టించాడు. ఆయన మనల్ని ద్వేషించలేదు. బడి పెట్టించాడు, పని చూపించాడు. కాని రోగం లేనివాడిని రోగి అని పిలిచి ఆసుపత్రిలో పెట్టి తాళం వేస్తే ఆ దయను ఏమనాలి? అక్కడి మన జనం చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. దేశమంతా తిరిగిన కాళ్ళు హాజరు పట్టీకి కట్టుబడ్డాయి.

కొట్టివేయించిన కలాలు

1936లో జవహర్‌లాల్ నెహ్రూ నెల్లూరు వచ్చినప్పుడు ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించాడు. ఏ తెగనూ తెగ మొత్తంగా నేరస్థులుగా లెక్కకట్టడం నాగరికతకు తగదని ఆయన వాదన. అదే నెల్లూరు జిల్లాలో అప్పటికే ఒక మనిషి ఈ పని మీద జీవితం పెట్టి ఉన్నాడు. ఆయన వెన్నెలకంటి రాఘవయ్య (1897-1981).

రాఘవయ్య గారు వకీలు, స్వాతంత్ర్య సమరయోధుడు. యానాదులు, ఎరుకలు, చెంచుల మధ్య తిరిగి వాళ్ళ సంఘాలు కట్టించాడు. మద్రాసు శాసనసభలో ఉండి ఆ చట్టం రద్దుకు కృషి చేశాడు. 1947లో మద్రాసు రాష్ట్రం నేరస్థ తెగల చట్టాన్ని రద్దు చేసింది. దేశం మొత్తం రద్దు చేయడానికి ఇంకా అయిదేళ్ళు ఉండగానే మన రాష్ట్రం ఆ అడుగు వేసింది. తరువాత ఆయన యానాదుల మీద, సంచార జాతుల మీద, గిరిజన తిరుగుబాట్ల మీద పుస్తకాలు రాశాడు. ములాలీ పుస్తకంలో మనం అనుమానితులం. రాఘవయ్య పుస్తకాల్లో మనం చరిత్ర ఉన్న జనం. 1973లో పద్మభూషణ్ వచ్చింది. మన జిల్లాలో ఎంతమంది పిల్లలకు ఆ పేరు తెలుసు?

కేంద్ర ప్రభుత్వం 1949లో ఈ చట్టం మీద విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన తెలుగు నేల మనిషి, తరువాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. చట్టాన్ని రద్దు చేయమని, ఆ జనానికి పునరావాసం కల్పించమని ఆ సంఘం చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. మనం జరుపుకునే దినం అదే.

కాగితం మీద ముద్ర పోయినా ఊరి నోట్లో ముద్ర పోలేదు. స్టూవర్టుపురం పేరు సినిమాల్లో, సామెతల్లో దొంగతనానికి మారుపేరుగానే మిగిలింది. 1970ల నుంచి అక్కడ పనిచేసిన దంపతులు హేమలతా లవణం, లవణం. ఆమె మహాకవి గుర్రం జాషువా కూతురు, ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. గుడిసెల్లోకి వెళ్ళి కూర్చుని, జైలుకు వెళ్ళినవాళ్ళతో మాట్లాడి, పిల్లలను చదివించారు. హేమలత గారు 2008లో, లవణం గారు 2015లో కన్నుమూశారు. అంటరానితనం మీద కావ్యం రాసిన కవి ఇంటి ఆడబిడ్డ, మరో రకం అంటరానితనం మీద పనిచేయడానికి రావడం మనం గుర్తుంచుకోవలసిన సంగతి.

'కేడీ' అనే మాట

ఊళ్ళో అల్లరివాడిని 'కేడీ గాడు' అంటారు. అది తెలుగు మాట కాదు. పోలీసు రిజిస్టర్లలో 'నోన్ డెప్రడేటర్', అంటే తెలిసిన దోపిడీదారు అనే ఇంగ్లీషు మాటలకు పొట్టి రూపం. ఠాణా పుస్తకంలో పుట్టిన అక్షరాలు మన నాలుక మీదికి ఎక్కాయి. ముద్ర ఎంత దూరం వస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ముద్ర మనిషిని ఏం చేస్తుందో చెప్పిన నేరశాస్త్ర పండితులు కూడా ఉన్నారు. అమెరికాలో ఫ్రాంక్ టానెన్‌బామ్ 1938లోనే, ఒక పిల్లవాడికి చెడ్డవాడని పేరు పెట్టి పదే పదే అలాగే చూస్తే వాడు ఆ పేరులోకే నెట్టబడతాడని రాశాడు. 1963లో హోవర్డ్ బెకర్, నేరస్థుడు అనేది ఎదుటివాళ్ళు అంటించే చీటీ అనీ, ఆ చీటీ ఎవరికి అంటించాలో అధికారం ఉన్నవాళ్ళు నిర్ణయిస్తారనీ వివరించాడు. బెకర్ 2023లో చనిపోయాడు. వాళ్ళిద్దరూ మన గురించి రాయలేదు. కాని మన తాతల బతుకు వాళ్ళ సిద్ధాంతానికి నిలువెత్తు సాక్ష్యం.

మన చేతిలో ఉన్న పని

యువ మిత్రులారా, ఈ చరిత్ర ముగిసిపోలేదు. నేరస్థ తెగల చట్టం పోయాక అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన రాష్ట్రంలో అలాంటిది 1962లో చేశారు. చట్టం ప్రకారం అది తెగకు కాదు, శిక్షలు పడిన వ్యక్తికే వర్తించాలి. కాని పాత చూపు అంత తేలిగ్గా పోదు. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంతా కేసులో సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను, విముక్త జాతులను పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలను కొట్టివేసింది. ఈ తీర్పు పేరు, తేదీ మీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కులం పేరు చూసి ఎవరైనా మిమ్మల్ని అనుమానితుల వరుసలో నిలబెడితే, మాట్లాడడానికి మీ దగ్గర ఒక ఆధారం ఉండాలి.

రెండో పని, పెద్దలను అడగడం. మీ తాండాలో, మీ గేరిలో ఎనభై ఏళ్ళు దాటినవాళ్ళు ఎవరున్నారో చూడండి. వాళ్ళ నాన్నలు ఏ దారిన ఉప్పు మోశారు, ఏ సంతలో గంపలు అమ్మారు, ఎవరి ముందు హాజరు వేయించుకున్నారు అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయండి. ఎరుకల భాషలో చెబితే ఆ భాషలోనే, గోర్ బోలిలో చెబితే గోర్ బోలిలోనే ఉంచండి. గుత్తి దగ్గర సేవాగడ్‌కు ఏటా వెళ్ళే మనం, సేవాలాల్ మహారాజ్ కథను ఎలా నోటినోటా నిలబెట్టుకున్నామో ఈ కథను కూడా అలాగే నిలబెట్టుకోవాలి.

మూడో పని, చదువు. న్యాయశాస్త్రం, చరిత్ర, మానవశాస్త్రం, నేరశాస్త్రం మన పిల్లలు చదవాలి. నూట ముప్పై ఏళ్ళుగా ఈ శాస్త్రంలో మనం ప్రశ్నపత్రంలో ఉన్నాం కాని ప్రశ్న వేసే కుర్చీలో లేము. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. మన పేరులోనే ఆ మాట ఉంది. పక్కవాళ్ళ జాతకం చెప్పిన జాతి, తన చరిత్ర తాను చెప్పుకోలేక ఇంకొకరి పుస్తకం కోసం ఎదురుచూడకూడదు.

రాఘవయ్య గారికి, హేమలత, లవణం దంపతులకు, అయ్యంగార్ గారికి మనం వేసే దండ ఒక రోజులో వాడిపోతుంది. మీలో ఒకరు రాసే పుస్తకం వాడదు.