చక్ కీ - మిగిలిన అర నిమిషం కథ

ఇంజనీరింగ్ ఫస్టియర్లో వర్క్‌షాప్ అంటే మా కంప్యూటర్స్ బ్యాచ్‌కి పరమ బోరు. ఇబ్రహీంపట్నం దగ్గర కాలేజీ. రేకుల షెడ్డు, నూనె వాసన, సాయంత్రం బస్సు తప్పిపోతుందేమోనన్న బెంగ. అక్కడ నేర్చుకున్నదంతా మర్చిపోయాను గానీ, ఒక హ్యాండిల్ మాత్రం ఇంకా గుర్తుంది.

లేత్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తిప్పుతూ చెక్కాల్సిన ఇనప కడ్డీని (అక్కడ దాన్నే 'జాబ్' అంటారు, మన జాబ్ కాదు లెండి) పట్టుకునేది చక్. పక్కనున్న చదరపు రంధ్రంలో కీ పెట్టి తిప్పితే లోపల ఒక పలక తిరుగుతుంది. దాని మీద చుట్టలా ఉన్న గాడి వల్ల మూడు దవడలూ ఒకేసారి దగ్గరకొచ్చి జాబ్‌ని మధ్యలో పట్టుకుంటాయి. ఇలాంటి చక్‌కి అమెరికాలో సైమన్ ఫెయిర్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని మెరుగుపరిచి ప్రచారంలోకి తెచ్చింది ఆయన అల్లుడు ఆస్టిన్ కుష్‌మన్. మామ డిజైన్, అల్లుడి మార్కెటింగ్ అన్నమాట!

అసలు తొందర ఆ తర్వాత మొదలైంది. 1900 ప్రాంతంలో టేలర్, వైట్ అనే ఇద్దరు హైస్పీడ్ స్టీల్ తెచ్చారు. చెక్కే వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఒక లెక్క చూడండి. ఒక జాబ్‌కి చెక్కడం 8 నిమిషాలు, బిగించి విప్పడం 2 నిమిషాలు అనుకుందాం. చెక్కడం నాలుగు రెట్లు వేగమైతే 2 నిమిషాలకి దిగుతుంది. మొత్తం 4 నిమిషాలు, అందులో సగం బిగింపుకే! 1967లో జీన్ ఆమ్డాల్ కంప్యూటర్ల గురించి చెప్పిందీ ఇదే కదా. పెద్ద ఫ్యాక్టరీలు గాలితో, నూనె ఒత్తిడితో బిగిసే చక్‌లు కొనుక్కున్నాయి. చిన్న షెడ్లకి మాత్రం టీ ఆకారం చక్ కీనే దిక్కు.

మా ల్యాబ్‌లో పనిచేసే అన్న అంతకుముందు బాలానగర్‌లో టర్నర్. ఆ ఏరియాలోనే 1968లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. జాబ్‌ని త్వరగా, సరిగ్గా పట్టుకునే పనిముట్లు తయారుచేయడం అక్కడ ఒక చదువు. అన్న ఆ చదువు చదవలేదు. పాత చక్ కీ చదరపు ముక్క కోసి, వంచిన కడ్డీకి వెల్డింగ్ చేసి, పట్టుకునే చోట ఒక పైపు ముక్క వదులుగా తొడిగాడు, అంతే. టీ కీతో సగం తిప్పాక చెయ్యి మార్చుకోవాలి. దీంతో బావి గిలక తిప్పినట్టు ఆగకుండా తిప్పొచ్చు.

"మరి టీ కీ ఎందుకన్నా ఇంకా?" అనడిగాను.

"దవడలు జరపాలంటే జోరు కావాలె, బలం అక్కర్లే. ఆఖర్ల బిగించేటప్పుడు బలం కావాలె, జోరు అక్కర్లే. రెండూ ఒక్కదానితోని చేయబోతే రెండూ చెడ్తయి" అన్నాడు. ఫాస్ట్ పాత్, స్లో పాత్ గురించి ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళని ఆఫీసులో ఇంతవరకూ చూడలేదు.

మా బ్యాచ్‌కి లేత్ డెమో మాత్రమే. అయినా బతిమాలితే దవడలు తిప్పనిచ్చాడు. నేను తిప్పి, హ్యాండిల్ అందులోనే వదిలేసి, గొప్పగా వెనక్కి తిరిగాను. ఫ్రెండొకడు స్విచ్చి నొక్కేశాడు. అది ఎగిరి రేకు గోడకి తగిలిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అక్కడ మనిషి లేడు కాబట్టి సరిపోయింది. అరగంట దాకా ఎవరం మాట్లాడలేదు.

అన్న నన్ను తిట్టలేదు. మర్నాడు చూస్తే హ్యాండిల్ కొసకి స్ప్రింగు ఉంది. చేత్తో నొక్కి పట్టుకుంటేనే లోపల నిలుస్తుంది, వదిలితే బయటికి తన్నేస్తుంది. అలాంటి కీలు మార్కెట్లో ఎప్పట్నుంచో దొరుకుతాయని తర్వాత తెలిసింది. దాంతో బిగించడానికి ఒకట్రెండు సెకన్లు ఎక్కువే పట్టేది. వేగం కోసం చేసిన దానికి ఆయన వేగం కొంచెం తగ్గించాడు. అది ఎందుకో ఎవరికీ చెప్పాల్సిన పనిలేకపోయింది.

పోయిన నెల ప్రొడక్షన్లోకి పంపే స్క్రిప్టు త్వరగా అవ్వాలని, "నిజంగా పంపాలా?" అనడిగే లైను తీసేద్దామన్నారు మా టీమ్‌లో. నేను ఆ లైను ఉంచేశాను. కారణం అడిగితే లేత్ గురించి చెప్పాల్సొచ్చింది, నవ్వారు. నవ్వనీండి. మీ దగ్గర అలాంటి స్ప్రింగులు ఎన్ని పీకేశారో ఓసారి చూసుకోండి మరి!