ఓడ ముక్కు నుంచి చేతిపెట్టె దాకా

కోరంగిలో కట్టిన ఓడలు, రంగూను ప్రయాణాలు, 1839 తుపాను, ఇవన్నీ యానాం ఇళ్లల్లో వింటూ పెరిగినవే. ఓడలో మనుషులు దొడ్డికి ఎక్కడికి వెళ్లేవారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సిన సంగతే అది.

యూరప్ వాళ్ల తెరచాప ఓడల్లో నావికులకు ఆ చోటు ఓడ ముక్కు దగ్గర ఉండేది. గాలి ఎక్కువగా వెనకనుంచో పక్కనుంచో వీచేది గనక వాసన ముందుకే పోయేది, కిందిది అలలు కడిగేసేవి. అందుకే ఓడలో మరుగుదొడ్డిని ఇంగ్లీషువాళ్లు ఈనాటికీ ‘హెడ్’ అంటారు. 1765లో నీళ్లలోకి దిగిన విక్టరీ యుద్ధనౌకలో ఎనిమిది వందల మందికి పైగా ఉండేవారు, వాళ్లకి అక్కడున్నవి కొద్ది పీటలే. అధికారులకి మాత్రం వెనక వైపు వేరే గదులు. హోదా అక్కడా తప్పలేదన్నమాట.

చిన్న పడవకి ఆ భాగ్యం కూడా లేదు, బకెట్టే గతి. మగవాళ్లు ఎలాగో కానిచ్చేసేవారు. మా ఇంటి ఆడవాళ్లు మాత్రం పడవెక్కే రోజు పొద్దుట్నుంచీ నీళ్లు ముట్టేవారు కాదు. చాలామంది అసలు ఎక్కేవారే కాదు.

1960ల్లో అమెరికాలో థెట్‌ఫోర్డ్ కంపెనీ తెచ్చిన పోర్టా పాటీ ఈ చిక్కుని చాలావరకు తీర్చింది. పైన మంచినీళ్ల తొట్టి, కింద మురుగు తొట్టి, మధ్యలో జరిపే మూత. మూత బిగిస్తే వాసన రాదు, పడవ ఊగినా ఒలకదు. ఒడ్డుకొచ్చాక కింది తొట్టి ఊడదీసి దొడ్లో పారబొయ్యాలి.

కొనేటప్పుడు పెద్దదే మంచిదనుకుంటాం గదా, లెక్క వేరు. మనిషికి మూత్రమే రోజుకి సుమారు లీటరున్నర. నలుగురికి ఆరు లీటర్లు, దానికి కడిగే నీళ్లు కలిపితే పది లీటర్ల తొట్టి ఒక రోజుకి సరి. ఇరవై లీటర్లది నిండితే ఇరవై కిలోల పైమాటే, జారే రేవు మెట్ల మీద అది మోసేదెవరు? ఎత్తు కూడా చూసుకోవాలి. మరీ పొట్టిదైతే మోకాళ్ల నొప్పులవాళ్లు లేవలేరు. అడుగున బిగించే కొక్కేలు ఉండి తీరాలి.

శుద్ధి చెయ్యని మురుగుని తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు వదలకూడదని పెద్ద ఓడలకి అంతర్జాతీయ నియమం ఉంది, 2003 నుంచి అమల్లో ఉంది. చిన్న పడవలకి అది వర్తించదు. అయినా మడ అడవిలో రొయ్య పెరిగేదీ, మనం వల వేసేదీ ఆ గౌతమి నీళ్లలోనే గదా. మేం పది లీటర్లదే తీసుకున్నాం, చుట్టూ ఒక తెర కట్టాం. ఇప్పుడు మామ్మ కూడా మంచినీళ్ల సీసా పట్టుకునే పడవెక్కుతోంది.