పొదలో ఏడుగురు సాక్షులు

మన గూడేల్లో వేట కథ చెప్పేవాడికి పెద్దవాళ్లు మొదట ఒక ప్రశ్న వేస్తారు: "నువ్వు అక్కడ ఉన్నావా?" ఉన్నానంటే రెండో ప్రశ్న: "ఎటువైపు నిలబడ్డావు?" సాహిత్య విమర్శకులు ఈ సంగతికి పేరు పెట్టింది 1961లో. అమెరికా విమర్శకుడు వేన్ బూత్ ఆ ఏడాది తన పుస్తకంలో 'నమ్మదగని కథకుడు' అన్న మాట వాడాడు. పేరు కొత్తదే గాని, అలాంటి కథలు అంతకు చాలా ముందు నుంచీ ఉన్నాయి. 1843లోనే ఎడ్గార్ అలన్ పో రాసిన ఒక కథలో హంతకుడు, తనకు పిచ్చి లేదని నిరూపించడానికే తను చేసిన హత్యను పూసగుచ్చినట్టు చెబుతాడు. చెప్పేకొద్దీ మనకు అనుమానం పెరుగుతుంది.

మేము ఇక్కడ ఎక్కువసేపు ఆగదలచుకున్నది జపాన్ కథ దగ్గర. అకుతగవ ర్యునొసుకె 1922 జనవరిలో అచ్చువేసిన 'పొదలో' అనే కథ అది. దానికి మూలం పన్నెండో శతాబ్దం నాటి 'కొంజకు' అనే కథల సంపుటిలో ఉంది. ఆ పాత కథలో భార్యతో దారిన పోతున్న ఒకడిని దొంగ మోసగించి చెట్టుకు కట్టేస్తాడు. గుర్రాన్నీ ఆయుధాలనూ తీసుకుపోతాడు. హత్య లేదు. చివర్లో కథకుడే తీర్పు చెప్పేస్తాడు: ముక్కూమొహం తెలియనివాడి చేతికి విల్లు ఇచ్చిన ఆ మొగుడు తెలివితక్కువవాడు అని.

అకుతగవ చేసిన పెద్ద మార్పు హత్యను చేర్చడం ఒక్కటే కాదు. తీర్పు చెప్పే ఆ కథకుడిని తీసేశాడు. మిగిలినవి ఏడు వాంగ్మూలాలు. కట్టెలు కొట్టేవాడు, బౌద్ధ సన్యాసి, పోలీసు బంటు, ముసలి అత్తగారు అధికారి ముందు చెబుతారు. తర్వాత దొంగ తజొమరు ఒప్పుకోలు, గుడిలో భార్య మసగొ ఒప్పుకోలు, ఆఖరున పూనకం వచ్చిన సోదెగత్తె నోట చచ్చిపోయిన భర్త తకెహిరొ మాట. పూనకంలో చనిపోయినవాళ్లు మాట్లాడటం మనకు వింత కాదు. చనిపోయినవాడు కూడా తన పరువు కోసం కథ అల్లగలడా అన్నదే అకుతగవ వేసిన కొత్త ప్రశ్న.

తప్పించుకోవడానికి అబద్ధమాడటం లోకంలో ఉన్నదే. ఈ కథలో ముగ్గురూ "చంపింది నేనే" అంటారు. కట్లు విప్పి ధర్మంగా పోరాడి, ఇరవైమూడో దెబ్బకు చంపానంటాడు దొంగ. భర్త కళ్లలోని అసహ్యాన్ని భరించలేక చిన్నకత్తితో పొడిచానంటుంది భార్య. నన్ను నేనే పొడుచుకున్నానంటాడు భర్త. శవం ఒకటే, గాయం గుండె మీద.

చిన్న వివరాల్లో కూడా మాట కలవదు. చనిపోయినవాడి అంబులపొదిలో ఇరవైకి పైగా బాణాలు చూశానంటాడు సన్యాసి. దొంగ దగ్గర పదిహేడే దొరికాయంటాడు బంటు. దీనికి పెద్ద అర్థం వెతకనక్కర్లేదేమో; మనుషులు లెక్క తప్పుతారు.

బంటు మాటను మాత్రం మనం తేలిగ్గా వదలకూడదు. చనిపోయినవాడి విల్లూ బాణాలూ తజొమరు దగ్గర దొరికాయి కాబట్టి హత్య చేసింది వాడే అంటాడు. అక్కడితో ఆగడు. కిందటేడు కొండమీద ఒక ఆడమనిషి, ఒక పిల్ల చనిపోయారు, అదీ వాడి పనే అయి ఉంటుందంటాడు. ఆ రెండో మాటకు సాక్ష్యం లేదు, పేరు ఉంది. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వాళ్లు ఆ చట్టం కింద పడ్డారు. నేరం చేశాడా లేదా అన్నది కాదు, ఎవరికి పుట్టాడన్నదే రిజిస్టరులోకి ఎక్కింది. 1952లో చట్టం రద్దయింది. ఆ రిజిస్టరు రాసినవాడూ ఒక కథకుడే. అతన్ని "నువ్వు ఎటువైపు నిలబడ్డావు" అని అడిగినవాళ్లు లేరు. విచిత్రమేమంటే, ఆ కాలపు జపానులో అలాంటి బంట్లు శిక్ష అనుభవించి బయటికొచ్చిన పాత నేరస్తులే.

చైనాలో లూ షున్ 1918లో రాసిన 'పిచ్చివాడి డైరీ'లో మరో చిక్కు ఉంది. ముందుమాట పాత గ్రాంథిక చైనా భాషలో ఉంటుంది. రోగం నయమై, అతను ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లాడని అది చెబుతుంది. లోపలి డైరీ మాత్రం జనం మాట్లాడే భాషలో ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు మనుషుల్ని తింటున్నారని, చరిత్ర పుస్తకంలో వరుసల మధ్య అదే రాసి ఉందని అతను భయపడతాడు. పెద్దభాష అతన్ని పిచ్చివాడంది. చదివినవాళ్లకు మాత్రం నిజం పిచ్చివాడి దగ్గరే కనిపించింది. ఇంటిభాషలో చెప్పిన మాటకు బడిలో, కచేరీలో ఎంత విలువ దక్కుతుందో తెలిసిన మన పిల్లలకు ఈ కథను ఎక్కువ వివరించక్కర్లేదు.

ఒక సాయంత్రం 'పొదలో' కథను మేము కొందరు పిల్లలకు తెలుగులో చెప్పాం. దొంగ అబద్ధమాడాడని సగం మంది, భార్య అని మిగతావాళ్లు. ఒక అమ్మాయి మాత్రం చిన్నకత్తి ఏమైందని అడిగింది. తన గుండెలోంచి ఎవరో దాన్ని లాగేశారని చనిపోయినవాడు చెబుతాడు. శవాన్ని మొదట చూసిన కట్టెలవాడేమో అక్కడ ఏ ఆయుధమూ లేదంటాడు. 1950లో కురొసావా తీసిన 'రషోమన్' సినిమా ఆ అనుమానాన్నే పట్టుకుని కత్తి తీసింది కట్టెలవాడేనని తేల్చిందని మేము చెప్పాం.

అరుగు మీద కూర్చుని వింటున్న తాత ఒకాయనకు కోపం వచ్చింది. "అడివికి కట్టెలకు పోయేది మనమే గదా. చివరికి దొంగతనం వాడి నెత్తినే పెట్టారా?" అన్నాడు.

"కత్తి లేదని చెప్పింది వాడే తాతా," అంది ఆ అమ్మాయి. దీపం ఆర్పేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.