మెట్టసీమలో పరిశోధన: నీరు, పైరు, మనిషి

పరిశోధన యనగానే గాజునాళికలు, సూక్ష్మదర్శినులు, ప్రయోగశాలలు మన మనస్సున మెదలును. కాని నదికి అడ్డుకట్ట ఎచ్చట వేయవలెనో తేల్చుటయు పరిశోధనయే. ఒక పురుగు ప్రత్తిచేనును ఏల పాడుచేయుచున్నదో కనుగొనుటయు, ఊరిబావి నీరు కొందరికి ఏల అందకున్నదో విచారించుటయు పరిశోధనలే. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు చరిత్రలో ఈ మూడును కలిసి కనిపించును. పూర్వము కృష్ణాజిల్లాలోనుండి, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మెట్టసీమ యిది.

నీరు పల్లమెరుగునని సామెత. ఈ సీమ కష్టమంతయు ఆ సామెతలోనే యున్నది. 1852 - 1855 సంవత్సరముల మధ్య బెజవాడవద్ద కృష్ణానదికి ఆనకట్ట కట్టిరి. దానికి దిగువనున్న డెల్టా కాలువలతో పచ్చబడెను. కంచికచర్ల మొదలగు గ్రామములు ఆనకట్టకు ఎగువనున్నవి. నేలయు మెరక. నది ప్రక్కనే పారుచున్నను, మునేరు ఈ సీమనుండియే పోయి అందులో కలియుచున్నను, డెల్టా కాలువనీరు వెనుకకు ఎక్కిరాదు గదా! అందుచేత రైతు వానను నమ్ముకొని జొన్న, కంది, ప్రత్తి, మిరప పండించుకొనెను. ఒకే జిల్లాలో ఒకవైపు రెండు పంటల మాగాణి, వేరొకవైపు ఆకాశమువంక చూచు మెట్ట.

ఈ భేదమును తొలగించుటకు నీటిని ఎత్తున నిలుపవలెను. జగ్గయ్యపేటకు చేరువనున్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నందికొండవద్ద ఆనకట్ట కట్టవలెనని పట్టుదలతో కృషిచేసెను. 1952లో ఎ. ఎన్. ఖోస్లా అధ్యక్షతన నిపుణుల సంఘము పరిశీలనకు వచ్చినపుడు, వాహనములు పోవుటకు గ్రామస్థుల సాయముతో ఆయన బాట వేయించెను. ఆ స్థలము యోగ్యమైనదని సంఘము తేల్చెను. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. ఆనకట్ట రూపకల్పనలో కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించిన ఇంజనీరు డాక్టరు కానూరి లక్ష్మణరావు ప్రముఖపాత్ర వహించెను.

ఇంజనీర్ల యెదుట ఒక సమస్య యుండెను. సిమెంటు, ఉక్కు, యంత్రములు కొరత. రాయి, పనివారు సమృద్ధి. కావున కాంక్రీటునకు బదులు రాతికట్టడమును ఎన్నుకొనిరి. సుమారు 124 మీటర్ల ఎత్తుగల ఆ రాతి ఆనకట్టను వేలాది కూలీలు కట్టిరి. జలాశయపు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు. అంత ఎత్తున నిలిచిన నీరు పంపుల అవసరము లేకయే వాలువెంబడి మెట్టకు పారగలదు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. ఎడమకాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిరి. అది నల్లగొండ, ఖమ్మము జిల్లాలు దాటి క్రమముగా ఈ సీమకు చేరెను.

ఒక శాస్త్రము వేసిన అడుగు మరియొక శాస్త్రమునకు పని కల్పించును. జలాశయములో నాగార్జునకొండ లోయ మునుగనున్నందున, 1954 - 1960 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యము నేతృత్వమున పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ముఖ్య కట్టడములు కొన్నింటిని కొండపైకి చేర్చి తిరిగి నిలిపిరి. ఆ లోయను ఏలిన ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని శాసనము జగ్గయ్యపేట స్తూపమువద్దను లభించినది. 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించిన స్తూపమిదియే.

నీరు వచ్చినంతమాత్రమున పంట సురక్షితము కాదు. నల్లరేగడి నేల తేమను చాలకాలము పట్టియుంచును గనుక ప్రత్తికి అనుకూలము. కాని 1980 తరువాతి సంవత్సరములలో కోస్తాజిల్లాల ప్రత్తిని, ముఖ్యముగా గుంటూరు, ప్రకాశము జిల్లాలలో, తెల్లదోమ పీడించెను. పురుగును చంపుటకు రైతులు కొత్త సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను మరల మరల చల్లిరి. ఆ మందులు తెల్లదోమను తినెడు మిత్రకీటకములనుగూడ చంపుటచే దోమ ఇంకను పెరిగెను. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. గుంటూరువద్దనున్న లాం పరిశోధనాకేంద్రము తెల్లదోమను తట్టుకొను ఎల్.పి.ఎస్. 141 అను రకమును తయారుచేసెను. దీనినే కాంచన యందురు. మందు పెంచుటకంటె మొక్క స్వభావమును, కీటకముల పరస్పరసంబంధమును తెలిసికొనుట మేలని ఈ అనుభవము బోధించెను.

ఇక మూడవ పరిశోధన మనిషిని గూర్చినది. సాగరు కాలువలకు నీరు వదలిన మరుసటి సంవత్సరము, 1968లో, కంచికచర్లలో కోటేశు అను దళిత యువకునిపై దొంగతనము మోపి, కట్టివేసి, సజీవముగా దహించిరి. దేశము నివ్వెరపోయెను. పార్లమెంటులో చర్చ జరిగెను. అస్పృశ్యతను నిషేధించు చట్టము 1955లోనే వచ్చియుండెను. మరి ఏల పనిచేయలేదు? ఇదియు శాస్త్రీయముగా అడుగదగిన ప్రశ్నయే.

కేంద్రప్రభుత్వము 1965లో నియమించిన ఎల్. ఇళయపెరుమాళ్ సంఘము అప్పటికే ఈ విషయమును దేశమంతట విచారించుచుండెను. బావులు, దేవాలయములు, హోటళ్లలో వివక్ష ఏ రూపమున నున్నదో సాక్ష్యములు సేకరించి, 1969లో నివేదిక సమర్పించెను. 1955 చట్టము ప్రకారము శిక్ష ఆరునెలలకు మించని జైలు, లేదా ఐదువందల రూపాయలకు మించని జరిమానా. స్వల్ప జరిమానాతోనే నిందితుడు బయటపడవచ్చును. నివేదిక ఫలితముగా 1976లో చట్టమును సవరించిరి. కనీసము ఒకనెల జైలు, జరిమానా రెండును తప్పనిసరి యైనవి. కంచికచర్ల, కీళవెణ్మణి, కారంచేడు వంటి ఘోరముల పిమ్మట 1989లో అత్యాచారముల నిరోధకచట్టము వచ్చెను.

ఈ మూడు పరిశోధనలలో ఏ యొక్కటియు తక్కినవాని పనిని చేయజాలదు. కాలువ నీటిని తెచ్చును. ఆ నీరు చివరి భూములకు చేరుచున్నదా, ఎవరి పొలమునకు ముందు అందుచున్నది అనునది కొలబద్ద యొక్కటే చెప్పలేదు. మేలైన విత్తనము దిగుబడిని పెంచును. ఆ దిగుబడిలో కూలివానికి దక్కు పాలెంతో విత్తనము నిర్ణయింపదు. అంకెలు సేకరించి, సాక్ష్యము విని, కారణమును వెదకు పద్ధతి మాత్రము మూడింటికిని సమానము.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే ఈ పనిని చిన్నయెత్తున చేయింపవచ్చును. ఊరి బావులలో నీటిమట్టమును నెలనెలకు కొలిచి వ్రాయింపవలెను. పైరులను, వానిపై కనిపించు పురుగులను, మిత్రకీటకములను గుర్తింపజేయవలెను. ఏ వాడకు కుళాయి ఎంత దూరమో, ఏ యింటి పిల్లలు బడి మానిరో లెక్కింపజేయవలెను. మూడు పట్టికలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, తమ గ్రామమును గూర్చి ఏ ఒక్క పాఠ్యపుస్తకమును చెప్పని సంగతులు విద్యార్థులకు తెలియగలవు.